గొడవ నెట్‌లో, ఆట నట్టింట్లో

2009 నవంబరులో మోడర్న్ వార్‌ఫేర్ 2 అనే తుపాకుల ఆట విడుదలైన రోజున ఒక స్క్రీన్‌షాట్ ప్రపంచమంతా తిరిగింది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఆ ఆటను బహిష్కరిస్తామని ప్రతిన పూనిన వాళ్ల బృందం ఒకటుండేది. ఆ బృందంలోని సభ్యుల పేర్లు వరుసగా కనిపించే పేజీ అది. స్టీమ్‌లో ఎవరు ఏ క్షణాన ఏ ఆటలో ఉన్నారో పేరు కిందే పచ్చటి అక్షరాల్లో పడుతుంది. బహిష్కరిస్తామన్న వాళ్ల పేర్ల కింద ఒకదాని తర్వాత ఒకటిగా పడి ఉన్నది ఆ ఆట పేరే.

వాళ్ల కోపానికి కారణం చిన్నదేమీ కాదు. అంతకుముందు వరకూ కంప్యూటర్ మీద ఆడేవాళ్లు ఆటను నడిపే సర్వర్లనే పెద్ద కంప్యూటర్లను తామే అద్దెకు తీసుకుని, తమ నియమాలతో, తమకు నచ్చినవాళ్లతో ఆడుకునేవారు. కొత్త ఆటలో ఆ వీలు తీసేశారు. ఎవరు ఎవరితో ఆడాలో ఇకపై కంపెనీ వ్యవస్థే జత కలుపుతుంది. ఏళ్ల తరబడి కూడగట్టుకున్న స్నేహాల ఊరిని ఉన్నట్టుండి ఖాళీ చేయమన్నట్టు అనిపించింది వాళ్లకు. అయినా మొదటి ఇరవై నాలుగు గంటల్లో అమెరికా, బ్రిటన్ మార్కెట్లలోనే 47 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. వచ్చిన సొమ్ము దాదాపు 31 కోట్ల డాలర్లు.

అప్పటి నుంచి ఆ బొమ్మను ఒక సామెతలా వాడుతున్నారు. ఏ ఆట మీద ఏ వివాదం రేగినా ఎవరో ఒకరు దాన్ని బయటకు తీసి, నెట్‌లో అరిచేవాళ్ల మాట లెక్కలోకి తీసుకోనక్కర్లేదని, మామూలుగా ఆడుకునేవాళ్లకు ఇవేవీ పట్టవని తేల్చేస్తారు. ఈ మాటలో సగం నిజముంది. మిగతా సగం వల్ల చాలామందికి నష్టం జరుగుతోందని నా నమ్మకం. అందుకే ఈ చిక్కుముడిని కాస్త ఓపికగా విప్పి చూడాలి.

ముందుగా ఆ బొమ్మనే ఇంకోసారి చూద్దాం. అందులో ఉన్నవాళ్లు మాట తప్పినవాళ్లని అందరూ నవ్వారు. కానీ పదిమంది కలిసి ఆడే ఆటను ఒక్కడు బహిష్కరించడమంటే ఏమిటి? తొమ్మిదిమంది స్నేహితులు ఆ రాత్రి కొత్త ఆటలో ఉంటే, పదోవాడు పాత ఆటలోని ఖాళీ సర్వర్‌లో కూర్చోవాలి. సబ్బు మానేసి ఇంకో సబ్బు కొనుక్కున్నంత తేలిక కాదు ఇది. కూటమిగా ఆడే ఆటలో స్నేహితులు ఎక్కడుంటే ఆట అక్కడే ఉంటుంది. వాళ్లు కోపం చంపుకుని వెళ్లారు తప్ప, కోపం లేక వెళ్లలేదు. అమ్మకాల అంకెలో ఆ తేడా కనిపించదు.

ఇక మామూలు ఆటగాళ్లంటే ఎవరు? అమెరికాలో ప్యూ పరిశోధనా సంస్థ 2015లో వెల్లడించిన సర్వే ఒకటి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. వయోజనుల్లో 49 శాతం మంది వీడియో గేములు ఆడతామని చెప్పారు. తమను తాము గేమర్ అని పిలుచుకున్నవాళ్లు 10 శాతమే. అంటే ఆడేవాళ్లలో అయిదింట నాలుగు వంతులు ఆ పేరును తమకు తగిలించుకోరు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని రంగు రంగు మిఠాయిలు జత చేసే ఉపాధ్యాయిని, డ్యూటీ దిగాక అరగంట ఫుట్‌బాల్ ఆడుకునే ఆసుపత్రి ఉద్యోగి, మనవడితో కలిసి లూడో ఆడే తాతయ్య, వీళ్లంతా ఆ లెక్కలోని వాళ్లే. ఆటల వార్తలు వీళ్ల కోసం రాయరు, రాసినా వీళ్లు చదవరు.

చదివేవాళ్లలో కూడా మాట్లాడేవాళ్లు తక్కువ. ఇంటర్నెట్ బృందాల్లో వందకు తొంభై మంది ఊరికే చూసి వెళ్తారని, తొమ్మిదిమంది ఎప్పుడైనా ఒక మాట అంటారని, మిగిలిన ఒక్కరే రాసేదాంట్లో ఎక్కువ భాగం రాస్తారని, వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2006లో ఒక స్థూలమైన సూత్రం చెప్పారు. ట్విటర్ మీద ప్యూ సంస్థ 2019లో చేసిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. అమెరికా వయోజనుల ట్వీట్లలో 80 శాతం, పదిశాతం మంది రాసినవే. అంటే మనకు వినబడే గోల కొద్దిమంది గొంతుల నుంచి వస్తున్నదే. అయితే మిగతావాళ్ల మౌనానికి అర్థం ఏమిటన్నది ఈ లెక్కలు చెప్పవు. పంచాయితీకి రాని ఇల్లాలికి ఏ కష్టమూ లేదని అనగలమా?

తెలుగులో ఈ విషయం మాట్లాడబోతే మొదట ఇంకో గందరగోళం అడ్డం వస్తుంది. మన పత్రికల్లో ఆన్‌లైన్ గేమ్ వివాదం అని కనిపిస్తే పాఠకుడి మనసు నేరుగా రమ్మీ మీదికో, బెట్టింగ్ యాప్‌ల మీదికో వెళ్తుంది. అందుకు తగిన చరిత్రే ఉంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టం క్రీడల్లా పోటీలు పెట్టి ఆడే ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను ఒక వైపు పెట్టి, డబ్బు పందెం ఉన్న ఆటలను మరో వైపు పెట్టి నిషేధించింది. అంతవరకు స్పష్టత మంచిదే. అయితే రెండింటినీ ఒకే మాటతో పిలిచే అలవాటు వల్ల పందెం లేని ఆటలు ఆడే కోట్లమంది కష్టనష్టాల గురించి మనం ప్రత్యేకంగా మాట్లాడుకోవడమే నేర్చుకోలేదు. నేను ఇక్కడ రాస్తున్నది వాళ్ల గురించే.

కిందటి సంక్రాంతికి అక్క వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక మేనల్లుడు, వాడి ముగ్గురు స్నేహితులు డాబా మెట్ల మీద ఒకరి కింద ఒకరు కూర్చుని బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతున్నారు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగు ఛార్జర్లు. ఆట మధ్య విరామంలో, విదేశాల్లో ఆటల మీద రేగిన రెండు మూడు పెద్ద వివాదాల గురించి వాడిని అడిగాను. "ఆ గేముల పేర్లే వినలేదు మామయ్యా," అన్నాడు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు, రోజూ ఫోనులోనే ఉంటాడు, అయినా ఒక్కటీ తెలియదు. ఈ వ్యాసానికి జవాబు దొరికేసిందనుకున్నాను.

తర్వాత ఊరికే మాట కలిపినట్టు, 2022లో బీజీఎంఐని ప్లే స్టోర్ నుంచి తీసేసినప్పుడు ఏం చేశావని అడిగాను. వాడు ఫోను పక్కన పెట్టేశాడు.

ఆ కథ ముందు నుంచీ చెప్పాలి. పబ్జీ మొబైల్ 2018లో వచ్చి ఊరూరా పాకింది. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో స్థానికంగా నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్లను పోలీసులు అరెస్టు కూడా చేశారు. చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ ఒకటి. అక్టోబరు 30న దాని సర్వర్లు మన దేశానికి మూతపడ్డాయి. 2021 జులైలో దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను బీజీఎంఐ పేరుతో తెచ్చింది. ఏడాదిలో పదికోట్ల మంది నమోదయ్యారని ప్రకటించింది. ఆ ప్రకటన వెలువడిన నెల తిరగకుండానే, 2022 జులై 28న అది కూడా యాప్ దుకాణాల్లో కనబడకుండా పోయింది. తిరిగి వచ్చింది 2023 మే నెలాఖరులో.

ఆ పది నెలల్లో ఒక విచిత్రం జరిగింది. ఆటను దుకాణంలోంచి తీసేశారు గాని, అప్పటికే ఫోనులో ఉన్నవాళ్లకు నడుస్తూనే ఉంది. మా మేనల్లుడు అప్పుడు పదో తరగతి. వాడి ఫోను కింద పడి అద్దం మూల నుంచి మూలకు చీలింది. బావ కొత్త ఫోను కొంటానంటే వద్దన్నాడట. పాత ఫోను మారిస్తే కొత్తదాంట్లో ఆట మళ్లీ ఎక్కించుకునే దారి లేదు. ఫోను నెమ్మదించిందని అక్క రీసెట్ చేయిస్తానంటే ఏడ్చి గోల చేశాడట. వేలికి గాజు పెచ్చు గుచ్చుకుంటుందని అద్దం మీద పారదర్శకమైన టేపు అంటించుకుని పది నెలలు ఆడాడు. "అప్పుడు రోజూ న్యూస్ చూసేవాడిని మామయ్యా. ఎప్పుడు అన్‌బ్యాన్ చేస్తారోనని," అన్నాడు. మెట్ల మీద ఉన్న మిగతా ముగ్గురూ తలలూపారు. వాళ్లలో ఒకడు తన ఫోను పోగొట్టుకుని, ఆ పది నెలలూ మా వాడి పక్కన కూర్చుని చూస్తూ గడిపాడట.

వీళ్లకు వివాదాలు పట్టవని ఎలా అనగలం? సమాచార భద్రత, సరిహద్దు రాజకీయాలు, ఐటీ చట్టంలోని సెక్షన్ల గురించి వీళ్లు ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. ఏ బృందంలోనూ సంతకం పెట్టలేదు. వాళ్ల పట్టింపు ఒక పగిలిన ఫోను మీద అంటించిన టేపులో ఉంది. దాన్ని లెక్కపెట్టే యంత్రం ఎవరి దగ్గరా లేదు.

కాబట్టి ప్రశ్నను మార్చి అడగాలి. ఏ వివాదం మామూలు ఆటగాడి చేతిదాకా వస్తుంది, ఏది రాదు?

రాని వాటికి మంచి ఉదాహరణ, వింత జీవులను పట్టి పెంచుకునే పోకెమాన్ ఆటలు. 2019 జూన్‌లో, రాబోయే స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో పాత జీవులన్నీ ఉండవని, వాటిలో కొన్నింటినే ఉంచుతున్నామని చెప్పేసరికి అభిమానులు భగ్గుమన్నారు. ఏళ్ల తరబడి ఒక ఆట నుంచి ఇంకో ఆటకు తమ జీవులను మోసుకొస్తున్నవాళ్లకు అది నిజంగా ఇంట్లో మనిషిని గుమ్మం బయట నిలబెట్టినట్టే. అయినా నవంబరులో ఆటలు విడుదలైన మొదటి వారాంతంలోనే 60 లక్షల కాపీలు పోయాయి. డిసెంబరు చివరికి కోటీ అరవై లక్షలు దాటాయి. ఎందుకంటే క్రిస్మస్ కానుకగా ఆ ఆట కొన్న తల్లికి, దాన్ని తొలిసారి ఆడుతున్న ఎనిమిదేళ్ల పిల్లకు లేనిదేమిటో తెలియదు. ఉన్నవాటినే వెతికి పట్టుకుని మురిసిపోతారు. పాత అభిమాని బాధ నిజమే, ఈ పిల్ల ఆనందమూ నిజమే. రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు.

చేతిదాకా వచ్చినప్పుడు ఏం జరుగుతుందో 2024 మే నెలలో హెల్‌డైవర్స్ 2 చూపించింది. నలుగురు కలిసి ఆడే ఈ ఆటను ఫిబ్రవరి నుంచి కంప్యూటర్ మీద లక్షలమంది హాయిగా ఆడుకుంటున్నారు. ఇకపై తమ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా జత చేస్తేనే ఆడనిస్తామని, ఆ ఆటను అమ్ముతున్న సోనీ మే 3న ప్రకటించింది. ఆ నెట్‌వర్క్ లేని దేశాలు నూటికి పైగా ఉన్నాయి. డబ్బు పెట్టి కొనుక్కుని, మూడు నెలలు ఆడి, ఇప్పుడు తమ దేశంలో ఖాతా తెరిచే వీలే లేదని తెలుసుకున్నవాళ్ల సంగతేమిటి? ఖాతా తెరవగల దేశాల్లో ఉన్నవాళ్లు కూడా ఊరుకోలేదు. వాళ్ల జట్టులో మూడోవాడో నాలుగోవాడో ఆ దేశాల్లో ఉన్నాడు. స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా ప్రతికూల రివ్యూలు పడ్డాయి. మూడు రోజులు తిరగకుండానే సోనీ వెనక్కి తగ్గింది. మోడర్న్ వార్‌ఫేర్ బహిష్కరణను దెబ్బతీసిన ఆ స్నేహమే ఇక్కడ నిరసనకు బలమైంది.

ఆ రెండు లక్షలమందీ రోజూ వాదించే బాపతు కాదు. ఆడాలంటే కొత్త షరతు రాబోతోందని తెలిసింది, రివ్యూ రాసే చోటు ఒక్క నొక్కు దూరంలో ఉంది, వాళ్లు రాశారు. అడగాల్సిన చోటు కళ్లెదుట ఉంటే మామూలు మనిషి అడుగుతాడు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఈ విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఒకే కంపెనీకి చెందిన రెండు ఆటల కథ. కంపెనీ పేరు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, దానికి హైదరాబాద్‌లోనూ పెద్ద కార్యాలయం ఉంది. 2017 నవంబరులో ఆ కంపెనీ స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 విడుదల చేయబోతోంది. లూట్ బాక్సులనే ముడి విప్పని పెట్టెలను డబ్బుతో కొని, అందులో ఏది వస్తే దానితో ఆటలో బలం పెంచుకోవాలి. డార్త్ వేడర్ లాంటి ప్రధాన పాత్రలకు తాళం వేసి ఉంటుంది. తాళం తీయడానికి 60,000 పాయింట్లు కావాలి. దానికి దాదాపు నలభై గంటలు ఆడాలని ఒక ఆటగాడు లెక్కగట్టాడు. ఎనభై డాలర్లు పెట్టి కొన్నాక వేడర్‌కు తాళమా అని రెడిట్ అనే చర్చా వేదికలో ఒకరు అడిగితే, శ్రమించి సాధించిన గర్వం కలగాలన్నదే మా ఉద్దేశమని కంపెనీ తరఫున జవాబు వచ్చింది. ఆ జవాబుకు 6 లక్షల 67 వేలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది.

ఆ తర్వాతి వారం కంపెనీకి ఊపిరాడలేదు. 60,000 పాయింట్లను 15,000కు తగ్గించారు. అదీ చాలక, విడుదలకు ముందు రోజు రాత్రి ఆటలో డబ్బుతో కొనే వ్యవహారమంతా ఆపేశారు. అప్పటికే కథ ఆటల పత్రికలు దాటి అసలు పత్రికల్లోకి వచ్చింది. కంపెనీ ఆశించినది కోటి కాపీలు, ఆ త్రైమాసికంలో వెళ్లినవి 90 లక్షలు. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ లూట్ బాక్సుల మీద తీర్పు చెప్పింది. మరికొన్ని ఆటల్లో ఉన్నవి జూదం కిందికే వస్తాయంది. బ్యాటిల్‌ఫ్రంట్ అప్పటికే వాటిని తీసేసినందువల్ల తప్పించుకుంది.

ఆ మరికొన్ని ఆటల్లో ఒకటి అదే కంపెనీ ఫుట్‌బాల్ ఆట, ఫిఫా 18. అందులో సొంత జట్టు కూర్చుకునే అల్టిమేట్ టీమ్ అనే విభాగంలో డబ్బిచ్చి ప్యాకెట్ కొంటారు. చించితే లోపల ఏ క్రీడాకారుడి కార్డు ఉంటుందో తెలియదు. ముందు జెండా, తర్వాత స్థానం, తర్వాత క్లబ్ గుర్తు, చివర్లో ముఖం, ఇలా ఒక్కొక్కటిగా చూపిస్తూ గుండె కొట్టుకునే వేగం పెంచుతారు. పేరున్న ఆటగాడు పడితే బాణసంచా, లేకపోతే ఇంకో ప్యాకెట్. సూత్రం అదే, కంపెనీ అదే. కానీ ఆరు లక్షల వ్యతిరేక ఓట్లు దీని మీద పడలేదు. 2021 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఫిఫాతో పాటు కంపెనీ ఇతర క్రీడల ఆటల్లోనూ ఉన్న అల్టిమేట్ టీమ్ ద్వారా వచ్చింది మొత్తం 162 కోట్ల డాలర్లు.

ఎందుకీ తేడా? బ్యాటిల్‌ఫ్రంట్ కోసం ఎదురుచూసినవాళ్లు ఆటల గురించి చదివే, రాసే అలవాటున్నవాళ్లు. పైగా వాళ్లకు పాత ఆటలతో పోల్చుకునే జ్ఞాపకం ఉంది. ఫిఫా కొనే మనిషి చాలావరకు ఫుట్‌బాల్ అభిమాని. ఏడాదికి ఆ ఒక్క ఆటే కొంటాడు. వాడు రెడిట్‌లో ఉండడు, ఆదివారం మ్యాచ్ చూశాక ఆ క్రీడాకారుడి కార్డు కోసం రెండు ప్యాకెట్లు కొంటాడు. నెల చివర బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి తనను తానే తిట్టుకుంటాడు. వాడి కోపం కంపెనీ మీదికి వెళ్లదు, తన మీదికే వెళ్తుంది. దుకాణంలో మోసపోయిన ప్రతివాడూ ఇంటికొచ్చి చెప్పుకోడు కదా. బెల్జియంలో ఆ ప్యాకెట్లకు డబ్బు తీసుకోవడం 2019 జనవరి చివరిలో ఆపేశారు. ఆ ఊరట పొందిన బెల్జియం పిల్లల్లో రెడిట్ గొడవ గురించి విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎక్కడో ఒక పాత్రకు వేసిన తాళం గురించి కొందరు గట్టిగా అరిచారు. ఆ అరుపు నియంత్రణ సంస్థల చెవిలో పడింది. ఫలితం అరవనివాళ్లకు అందింది. గోల చేసేవాళ్లు కొద్దిమందే అని తేలిగ్గా తీసిపారేసే వాదన ఇక్కడ నాకు మింగుడుపడదు.

మామూలు ఆటగాళ్లు అసలు ఫిర్యాదే చేయరన్నది కూడా అబద్ధం. ఫోర్ట్‌నైట్ సంగతి చూడండి. పోయిన దశాబ్దం చివరి నుంచి ప్రపంచంలో పిల్లలు ఎక్కువగా ఆడిన ఆటల్లో అదొకటి. దాన్ని తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోపిన అభియోగాలు చదివితే ఒళ్లు మండుతుంది. ఆట నిద్రావస్థ నుంచి మేలుకుంటున్నప్పుడు ఒక బటన్ నొక్కితే డబ్బు కట్ అయ్యేది. లోడింగ్ తెర కనబడుతున్నప్పుడు నొక్కినా అంతే. ఒక దుస్తును ఊరికే చూద్దామని పక్క బటన్ మీద వేలు పడితే అది కొన్నట్టే. పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా కొనేయడానికి 2018 వరకూ అడ్డే లేదు. ఇది అన్యాయమని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, ఖాతాకే తాళం పడేది. అప్పటిదాకా డబ్బు పెట్టి కొన్నవన్నీ అందులోనే ఉండిపోయేవి.

ఇలాంటి చార్జీల గురించి పది లక్షలకు పైగా వినియోగదారుల ఫిర్యాదులు వచ్చినా కంపెనీ పట్టించుకోలేదని కమిషన్ చెప్పింది. పది లక్షలు! ఇవి ఏ వేదిక మీదా ఊరేగిన కోపాలు కావు. రాత్రి పదింటికి పిల్లవాడిని నిద్రపుచ్చి, హెల్ప్ పేజీలో చిన్న పెట్టె వెతుక్కుని, నా కొడుకు తెలియక నొక్కాడండీ అని రాసిన తల్లుల వినతులు. ఒకరు రాసింది ఇంకొకరికి కనబడదు. అందుకే అవి పది లక్షలైనా వివాదం అనిపించుకోలేదు. రెడిట్‌లో పడిన ఓట్లు ప్రపంచానికి కనబడ్డాయి, వార్త అయ్యాయి. కంపెనీ గుమాస్తా పెట్టెలో పడిన అంతకంటే ఎక్కువ ఫిర్యాదులు పెట్టెలోనే మిగిలాయి.

2022 డిసెంబరులో ఎపిక్ మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24 కోట్ల 50 లక్షలు కొనుగోలుదారులకు తిరిగివ్వడానికి. 2023 సెప్టెంబరులో కమిషన్ 3 కోట్ల 70 లక్షల మందికి, మీకు డబ్బు తిరిగి రావచ్చు, దరఖాస్తు చేసుకోండి అంటూ ఈమెయిళ్లు పంపడం మొదలుపెట్టింది. తమకూ ఒక గేమింగ్ వివాదంతో సంబంధం ఉందని వాళ్లలో చాలామంది తొలిసారి తెలుసుకున్నది ఆ ఉత్తరం చదివాకే అయి ఉండాలి. మొదటి విడతగా 2024 డిసెంబరులో 7 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా వెనక్కి పంపారు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఆటగాడి చేతికో జేబుకో తగిలే వివాదాలు. తగలనివి ఉన్నాయి, అక్కడ నా వాదన నాకే ఇబ్బంది పెడుతుంది. 2021 జులైలో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే ఆటల కంపెనీ మీద కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం దావా వేసింది. మహిళా ఉద్యోగుల పట్ల వేధింపులు, జీతాల్లో వివక్ష ఉన్నాయని ఆరోపించింది. ఉద్యోగులు పని ఆపి బయటికొచ్చి నిలబడ్డారు. ఆ దావా 2023లో ప్రధానంగా జీతాలు, పదోన్నతుల విషయమై రాజీతో ముగిసింది. ఈ మధ్యలో, 2022 అక్టోబరులో ఆ కంపెనీ కాల్ ఆఫ్ డ్యూటీ వరుసలోని కొత్త ఆట అమ్మకాలు పది రోజుల్లో వందకోట్ల డాలర్లు దాటాయి. ఆట తెరిస్తే ఆ ఉద్యోగుల ముఖాలు కనబడవు. చీర కట్టుకున్నప్పుడు మగ్గం మీద కూర్చున్న మనిషి గుర్తురానట్టే. ఇలాంటి చోట మామూలు ఆటగాడు పట్టించుకోడన్న మాట నిజమని ఒప్పుకుంటాను. ఆ నిజం నాకు నచ్చదు.

ఆటల్లో స్త్రీల స్థానం గురించి 2014 నుంచి నెట్‌లో సాగిన యుద్ధాల సంగతీ అంతే. ఎవరు ఎవరిని ఏమన్నారో ఆ జాబితా చాలామందికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. కానీ ఆ యుద్ధం దేని గురించో తెలిసిన అమ్మాయిలు మన ఇళ్లలోనే ఉన్నారు. బీజీఎంఐలో మగ పేరు పెట్టుకుని, మైకు ఆపేసి ఆడే అమ్మాయిని అడగండి. మొదటిసారి గొంతు వినిపించగానే జట్టులో ఏ మాటలు వచ్చాయో చెబుతుంది. ఆమె దాన్ని వివాదం అనదు. ఆమెకు అది రోజూ ఉండేదే. మైకు గుర్తు మీద అడ్డగీత పెట్టుకోవడమే ఆమె ఇచ్చిన జవాబు. ఏ సర్వేలోనూ ఆ అడ్డగీతలను లెక్కించరు.

చివరిగా ఒక వివాదం. ఇప్పటికి కొద్దిమందికే తెలిసినా, ఆటలు ఆడే ప్రతివాళ్ల చేతిదాకా ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది ఇదేనని నా అంచనా. ద క్రూ అనే కార్ల ఆట 2014లో వచ్చింది. అమెరికా దేశమంతటి నమూనాలో కారు నడుపుకుంటూ పోవచ్చు. ఒంటరిగా ఆడినా సర్వర్‌కు తగులుకుని ఉండాలి. 2024 మార్చి 31న ఆట కంపెనీ యూబీసాఫ్ట్ ఆ సర్వర్లను మూసేసింది. డబ్బు పెట్టి కొన్న డిస్కు అల్మారాలో ఉంటుంది, పెట్టి చూస్తే ఆట మొదలు కాదు. అమ్మిన ఆటను ఇలా చంపేయకూడదని, సర్వర్లు ఆపేటప్పుడు కొన్నవాళ్లు ఏదో విధంగా ఆడుకునే ఏర్పాటు చేయాలని రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌లో పౌరుల వినతికి ఏడాదిలో పది లక్షల సంతకాలు కావాలి. గడువుకు నెలన్నర ముందు వరకూ సగం కూడా రాలేదు. ఉద్యమం ఓడిపోతోందని అతనే వీడియో పెట్టాడు. అది పాకింది, 2025 జులై మొదటి వారంలో పది లక్షలు దాటాయి, గడువు ముగిసేనాటికి పద్నాలుగు లక్షలయ్యాయి. పదకొండు నెలలు పట్టనివాళ్లు పది రోజుల్లో మారిపోయారా? మారలేదు, వాళ్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అమెరికాలోనూ ఒక కదలిక వచ్చింది. డిజిటల్‌గా అమ్మేది సొంతానికి ఇస్తున్నట్టు భ్రమపెట్టకూడదని, అనుమతి మాత్రమే అమ్ముతున్నట్టు స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చట్టం చేసింది. అది 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు రెండు మూడు నెలల ముందే స్టీమ్‌లో డబ్బు కట్టే పేజీ కింద ఒక వాక్యం చేరింది. మీరు కొంటున్నది ఆటను వాడుకునే లైసెన్సు అని.

ఆ వాక్యం గురించి డాబా మెట్ల మీద మా వాడికి చెప్పాను. పబ్జీ మూతపడ్డాక, అందులో సంపాదించుకున్న స్కిన్‌లను, అంటే తుపాకుల రంగులనూ దుస్తులనూ బీజీఎంఐలోకి మార్చుకునే వీలు 2021లో ఇచ్చారు. అప్పుడు వాడు ఒక్కటీ వదలకుండా తెచ్చుకున్నాడు. తర్వాత పుట్టినరోజుల డబ్బులతో మరికొన్ని కొన్నాడు. ఆ రోజు విని ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత నేను బస్సులో ఉండగా మెసేజ్ పెట్టాడు. "మామయ్యా, బీజీఎంఐ కూడా శాశ్వతంగా మూసేస్తే నా స్కిన్‌లకు డబ్బులు తిరిగి ఇస్తారా? రూల్స్‌లో ఎక్కడ రాసి ఉంటుంది?" దాని కింద ఒప్పందం పేజీ స్క్రీన్‌షాట్ ఒకటి పంపాడు, అందులో ఒక పేరాను ఎర్ర గీతతో చుట్టి.